ఎనిమిది గుండ్ల పిస్తోలు, పన్నెండు బిళ్ళల రింగు

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో ఒక్కో మనిషికి రెండేసి బుద్ధులుండేవి. ఒకటి బాయిలోకి దిగేటప్పుడు తొడుక్కునేది, ఇంకొకటి పైకొచ్చాక తొడుక్కునేది. (బాయి అంటే నీళ్ళు తోడుకునేది కాదు, బొగ్గుగని. అందులో పనిచేసేవాళ్ళెవరూ దాన్ని గని అనరు.) కింద ఉన్నంతసేపూ టోపీ మీది దీపం దగ్గర్నుంచి బూటు లేసు దాకా అన్నీ రూలు ప్రకారం ఉండాల్సిందే, లేకపోతే పక్కన పనిచేసేవాడే ఊరుకోడు. అదే మనిషి పైకొచ్చి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడంటే చాలు, "సరిపోతదిలే" అనే మతంలో కలిసిపోయేవాడు. పెళ్ళిపందిరి చిన్నదైతే సరిపోతదిలే, ఆటోలో జనం వేలాడుతుంటే సరిపోతదిలే, వియ్యంకుడి చెప్పులు తనవనుకుని వేసుకెళ్ళినా సరిపోతదిలే. నా యవ్వనంలో మంచి భాగమంతా ఈ ఒక్క మాటతో పోట్లాడటానికే ఖర్చయిపోయింది. ఇప్పటికీ డిసెంబరు రాగానే ఎవరో ఒకరు మా పాత కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మసక వీడియో పెడతారు. అందులో స్టేజీ మీద ఒక విలన్ చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉంటాడు, ఎదురుగా ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు బిక్కమొహం వేసుకుని ఉంటాడు. చూసినవాళ్ళంతా పడీ పడీ నవ్వే బొమ్మలు పెడతారు. నేను మాత్రం ఏమీ పెట్టను. వెనక తెర కింద కనిపించే ఆ రెండు పాదాలు నావి.

అప్పటికి నేను బాయి మీది స్టోర్లో కొత్తగా చేరిన జూనియర్ని. స్టోరంటే ఇనప అరల మధ్య జీవితం. ఫిట్టరు వచ్చి బోల్టు అడిగితే దాని సైజు అడగాలి, సైజు చెబితే మర ఏ రకమో అడగాలి. అడిగితే ఆయనకు కోపం. "గదే ఉంటది, ఇయ్యి" అంటాడు. గదే ఉండదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నాకు ఒక సంగతి ఎముకల్లోకి దిగిపోయింది. అసలే పట్టని సామానుతో ప్రమాదం లేదు, దాన్ని తిట్టుకుంటూ వెనక్కి తెస్తారు. పట్టీ పట్టనట్టు పట్టేదానితోనే వస్తుంది చిక్కంతా. ఈ మాట ఇంట్లో అన్నం తింటూ కూడా అనేవాణ్ణనీ, అందుకే నాకు పెళ్ళి సంబంధాలు ఆలస్యంగా వచ్చాయనీ మా అక్క ఇప్పటికీ అంటుంది.

మా అక్క మొగుడు, అంటే మా బావ, టైమ్ ఆఫీసులో గుమాస్తా. పగలంతా హాజరు వేస్తాడు, సాయంత్రం క్లబ్బులో నాటకాలు వేయిస్తాడు. ఏటా కంపెనీ పుట్టినరోజు పండుగకు మా ఏరియా తరఫున ఒక నాటకం ఉండాలి. దాన్ని మా బావే రాయాలి, ఆయనే నడిపించాలి, అందరూ బాగుందనాలి. (ఆ ఏటి నాటకం పేరు చెప్పను. ఆ పేరుకూ కథకూ ఎలాగూ సంబంధం లేదు.) స్టోర్లో పనిచేసేవాడు కాబట్టి నాటకం సామాన్లన్నీ చూసుకోవలసిందని ఆయన నన్ను నియమించాడు. నియమించాడంటే, అక్క వడ్డించిన చేపల పులుసు నేను నోట్లో పెట్టుకుంటున్నప్పుడు ఆ మాట అన్నాడు. కాదనడానికి నోరు ఖాళీగా లేదు.

మా నాటకాలకు శాశ్వత విలన్ ఒకాయన ఉండేవాడు. బాయిలో షాట్ ఫైరర్, అంటే బొగ్గు గోడకు తొలిచిన బొక్కల్లో మందు దట్టించి పేల్చేవాడు. ఊరంతా విలన్ కాక అనే పిలిచేది. (మా వైపు కాక అంటే బాబాయి.) మీసం ఒక్కటి చాలు, వేరే వేషం అక్కర్లేదు. ఆ మీసం వెనక ఉన్నంత మెత్తటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు, అంత మొండి మనిషిని కూడా చూడలేదు. చేరిన నాటి నుంచీ ప్రతి పండుగకూ స్టేజీ మీద చస్తూనే ఉన్నాడు. ఒక ఏడు విషం తాగి, ఒక ఏడు ఉరికంబమెక్కి, ఒక ఏడు హీరో చేతి గొడ్డలితో, పోయినేడు కత్తితో. ఈసారి ఆ నెలాఖరుకే ఆయన రిటైర్మెంటు. అంటే ఇదే ఆఖరు చావు. రిహార్సలు మొదలుపెట్టిన నాడు మా బావ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, తన కోరిక చెప్పాడు.

"బాయిల ఇన్నేండ్లు నేనే పేల్చిన. పోయేముందుగాల ఒక్కసారన్న నన్ను పేల్చుండ్రి. గుండు తాకి సావాలె నేను. మా ఊరంతా సూడనీకి వస్తది."

అది అడిగిన తీరుకు మా బావ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ రాత్రికి రాత్రే కథలోకి రివాల్వరు వచ్చేసింది. కాక మరునాటి నుంచి చావు సాధన చేశాడు. గుండు ఎడమవైపు తగలాలి, కుడికాలు మడవాలి, స్తంభాన్ని పట్టుకుని అర చుట్టు తిరగాలి, మెట్టు మీద మోకాలు ఆనించి చిన్న మాటొకటి చెప్పాలి, అప్పుడు పడాలి. పడ్డాక కూడా చెయ్యి ఒకసారి లేవాలి. ఆయన పడుతుంటే నిజంగానే గుండె కలుక్కుమనేది. దాన్ని చూశాక, తిట్టుకుంటూనే అయినా, ఆ రివాల్వరు సంగతి నేను మనసు పెట్టి చూడాలనుకున్నాను.

మా బావ మొదట మా స్టోరు గేటు దగ్గర కాపలా ఉండే మిలిటరీ అన్నను పట్టుకుని, ఒక సాయంత్రానికి నిజం రివాల్వరు ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగాడు. ఆ అన్న వారం దాకా మా బావ మొహం చూడలేదు. తర్వాత నేను వెళ్ళి, అరువుకు కాదు, తెలుసుకోవడానికి వచ్చానని చెబితే టీ తాగించి మరీ చెప్పాడు. రివాల్వరుకు తిరిగే చక్రం ఉంటుంది, దానికి ఎన్ని బొక్కలో అన్నే గుండ్లు, మామూలుగా ఆరు, కొన్నిటికి ఐదు, ఎక్కువున్నవీ లేకపోలేదు. అయిపోతే చక్రం తెరిచి నింపుకోవాల్సిందే, వేరే దారి లేదు. గుండు అడుగున ఒక సైజు కొట్టి ఉంటుంది, తుపాకీ మీద ఒక సైజు కొట్టి ఉంటుంది, రెండూ ఒక్కటే కావాలి. చూడటానికి ఒకేలా ఉన్నా, బొక్కలో దూరినా, దానికోసం చేసింది కాకపోతే పెట్టకూడదు. వింటుంటే నాకు ప్రాణం లేచివచ్చింది. లోకంలో నాలాంటివాడు ఇంకొకడున్నాడు.

ఆ ఉత్సాహంతో మా బావ రాసింది తీసుకుని కూర్చుని లెక్కవేశాను. ఆయన ఇన్‌స్పెక్టరు ఒక్క రివాల్వరుతో, మధ్యలో ఎక్కడా నింపుకోకుండా, పదకొండు గుండ్లు పేలుస్తున్నాడు. ఆకాశంలోకి రెండు, లాంతరు మీదికి ఒకటి, కాక మీసం మీదుగా మూడు, ఇలా. ఇది కుదరదన్నాను. నాటకంలో ఎవడు లెక్కపెడతాడన్నాడు మా బావ. సరిగ్గా అక్కడే నాకు తల తిరిగిపోయింది. మా ఊరి జనం లెక్కపెట్టకుండా ఉంటారా? బాయిలో షాట్లు పేల్చేటప్పుడు దూరంగా మలుపు చాటున నిలబడినవాళ్ళంతా చప్పుళ్ళు లెక్కపెడతారు. పెట్టినవి ఎన్ని, పేలినవి ఎన్ని. ఒకటి తగ్గిందంటే ఎక్కడో మందు పేలకుండా మిగిలిపోయిందని అర్థం, ఇక ఎవరూ అటు అడుగు వెయ్యరు. అలాంటి జనం ముందు పదకొండు గుండ్లు పేలిస్తే పన్నెండోది మా మీద పేలుతుంది. నేను చెప్పినదానికి మా బావ, మా అక్కను పిలిచి, మీ తమ్ముడు కళకు పనికిరాడని చెప్పాడు.

చౌరస్తాలో బొమ్మల దుకాణంలో ఒక పిస్తోలు దొరికింది. దీపావళికి మిగిలిపోయిన సరుకు. ఇనుముతో బరువుగా, నల్లగా, దూరం నుంచి నిజందానిలా ఉంది. గొట్టాన్ని కిందికి వంచితే తిరిగే చక్రం బయటపడుతుంది, దాని చుట్టూ ఎనిమిది బుడిపెలు. ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళల రింగు ఒకటి దాని మీద నొక్కి గొట్టం మూసేస్తే ఎనిమిదిసార్లు పేలుతుంది. దాంతోపాటు సరైన రింగు ఒకటే వచ్చింది. దాన్ని మా బావ ఇంటికి వచ్చినవాళ్ళకు చూపించడానికీ, అక్కను ఉలిక్కిపడేలా చెయ్యడానికీ, చివరి రెండూ ఊరకే సరదాకూ పేల్చేశాడు. ఎనిమిది గుండ్ల రింగులు ఇంకో నాలుగు కావాలి, దుకాణంలో లేవు, పెద్దపల్లిలో హోల్‌సేల్‌గా దొరకవచ్చు అని నేను ఆయనకు స్పష్టంగా చెప్పాను. ఎనిమిది అని వేళ్ళతో కూడా చూపించాను. నా షిఫ్టు కుదరక ఆయన్నే పెద్దపల్లి పంపడం నేను చేసిన తప్పు.

ఆయన తెచ్చింది పన్నెండు బిళ్ళల రింగులు. అవీ రెండే. బస్సు దిగి నేరుగా స్టోరుకు వచ్చి, ఇనప కౌంటరు మీద పెట్టి, నా భుజం తట్టాడు.

"ఎనిమిది చాలవంటివి గద బామ్మర్ది. పన్నెండువి తెచ్చిన. ఇగ పదకొండు గుండ్లు ఫికర్ లేకుంట పేల్చుకోవచ్చు."

ఆ మనిషికి ఎలా చెప్పను? పేలేది చక్రం ఎంతో అంత, రింగు ఎంతో అంత కాదు. గిన్నె మార్చకుండా బియ్యం ఎక్కువ పోస్తే అన్నం ఎక్కువవదు, పొంగి పొయ్యిలో పడుతుంది. పైగా ఆ రింగు పెద్దది, దాని బిళ్ళలు చిన్నవి, బుడిపెల మీద కూర్చోవు. చూపించాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని బలంగా నొక్కాడు. ఒకవైపు కూర్చుని రెండోవైపు లేచింది. రెండోవైపు నొక్కితే మొదటివైపు లేచింది. చాలాసేపు అలా నొక్కి, "సరిపోతదిలే" అన్నాడు. ఆ క్షణంలో నా చేతిలో పెద్ద రెంచి ఉంది. అక్క మొహం గుర్తొచ్చి కింద పెట్టాను.

పదకొండు గుండ్ల గొడవను చివరికి విలన్ కాకే తీర్చాడు. ఆరు కంటే ఒక్కటి ఎక్కువ పేలినా తాను చావనని చెప్పేశాడు. రివాల్వరంటే ఆరే అని ఊళ్ళో అందరికీ తెలుసట, ఏడో గుండుతో చస్తే తన పరువేం కావాలి? మా బావ కన్నీళ్ళతో తాను రాసిందాంట్లోంచి ఐదు గుండ్లు కొట్టేశాడు. ఆకాశంలోకి ఒకటి, లాంతరుకు ఒకటి, కాక తప్పించుకునేవి రెండు, చేతికి తగిలేది ఒకటి, ఆరోది గుండెకు. ఇక ఆ ఆరూ పేలే ఏర్పాటు నాది. పండుగ రోజు మధ్యాహ్నం కూర్చుని, రింగులోంచి ఒక్కొక్క బిళ్ళనూ బ్లేడుతో కోసి, ఆరు బుడిపెల మీద జిగురుతో అతికించాను. పట్టీ పట్టనట్టు పట్టాయి. నేను ఎవరికీ ఇవ్వడానికి ఒప్పుకోని సామాను అలాంటిదే, దాన్ని నా చేత్తో నేనే తయారుచేశాను.

సాయంత్రానికి క్లబ్బు మైదానం నిండిపోయింది. మొదటి షిఫ్టువాళ్ళు తలలు దువ్వుకుని కుటుంబాలతో వచ్చారు. కాక ఊరి నుంచి రెండు ట్రాక్టర్లలో చుట్టాలు దిగారు, ముసలివాళ్ళను మంచాల్లాంటి కుర్చీల్లో ముందు కూర్చోబెట్టారు. కాక భార్య, మేమంతా చిన్నమ్మ అనే ఆమె, మొదటి వరసలో ఒక చివరన, స్టేజీకి కాస్త పక్కకు తిరిగి కూర్చుంది. ఆమె ఏటా అలాగే కూర్చునేది. మెడనొప్పి అనుకునేవాణ్ణి. మా ఏరియా పెద్ద సారు ముఖ్య అతిథి. ఇన్‌స్పెక్టరు వేషం వేసింది కోస్తా నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు సారు. అందగాడు, డైలాగులన్నీ కంఠస్థం, ఒక్క తుపాకీ అంటేనే భయం. పేల్చే ముందు ప్రతిసారీ కళ్ళు మూసుకునేవాడు. మా బావ దానికి నల్లకళ్ళద్దాలు పెట్టి సర్దాడు.

నాటకం బాగానే నడిచింది, అది ఒప్పుకోవాలి. చివరి సీను వచ్చింది. మొదటి గుండు ఠప్పున పేలింది, జనం కేక వేశారు. రెండోది పేలింది, నేను వెనకనుంచి తాడు లాగితే లాంతరు కింద పడింది. మూడోదాని దగ్గర జిగురు తన పని చేసింది. పక్క బిళ్ళకు కూడా నిప్పంటుకుని రెండు చప్పుళ్ళు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. దాంతో నాలుగోసారి ఉత్త టిక్కుమంది. ఇంజనీరు సారు తెలివిగా దగ్గి కప్పిపుచ్చాడు. ఐదోది పేలింది, కాక చెయ్యి పట్టుకుని మూలిగాడు. ఇక ఆరోది. కాక ఒళ్ళంతా సిద్ధమైపోయింది. ఎడమ భుజం వెనక్కి వెళ్ళింది, కుడికాలు మడతపడుతోంది, చెయ్యి స్తంభం కోసం చాచాడు. ఇంజనీరు సారు కళ్ళు మూసుకుని మీట నొక్కాడు.

టిక్కు.

ఇంకెవరైనా అయితే పడిపోయేవాడు. చచ్చేవాడికి చప్పుడుతో పనేముంది? పేలిందనుకుని చస్తే జనమూ పేలిందనుకుంటారు. నేను తెర వెనక నుంచి పడు కాకా, పడు అని గొణుగుతూనే ఉన్నాను. కానీ ఆ టిక్కు చెవిన పడగానే విలన్ మాయమైపోయాడు. మడిచిన కాలు నిటారుగా అయింది. చాచిన చెయ్యి స్తంభాన్ని వదిలి అడ్డంగా లేచింది. డ్యూటీలో ఉన్న షాట్ ఫైరర్ ఒకడు స్టేజీ మధ్యకు వచ్చాడు.

"ఆగుండ్రి. మిస్‌ఫైర్. ఎవ్వరు దగ్గరికి పోవద్దు."

తుపాకీలోకి తొంగిచూడబోతున్న ఇంజనీరు సారును, మొఖం తియ్యి సారు అని కసిరాడు. పిస్తోలును బల్ల మీద పెట్టించాడు, మూతి వెనక తెర వైపు ఉండేలా. (వెనక తెర వెనక ఎవరున్నారో ఇంతకుముందే చెప్పాను.) తర్వాత ఇన్‌స్పెక్టరును రెక్క పట్టుకుని స్టేజీ అంచుదాకా తీసుకెళ్ళి నిలబెట్టి, తాను బల్లకు అడ్డంగా, మనుషులు రాకుండా, బాయిలో మలుపు దగ్గర నిలబడినట్టే నిలబడ్డాడు. రూలు ప్రకారం ఆగవలసినంతసేపు ఆగాలి. పేలని షాటు దగ్గరికి అప్పుడే పోకూడదు. ఇది బొమ్మండీ బాబూ అని ఇంజనీరు సారు దాదాపు ఏడుస్తూ చెప్పాడు. బొమ్మదైనా మందు మందే గద సారు అన్నాడు కాక.

నాకు పిచ్చెక్కించింది కాక కాదు, జనం. ఒక్కరంటే ఒక్కరు అల్లరి చెయ్యలేదు. మిస్‌ఫైర్ అన్నాడు, ఆగాలె అన్నారు, పొట్లాలు విప్పుకుని పల్లీలు తినడం మొదలుపెట్టారు. ఎన్ని పేలాయన్న దాని మీద మాత్రం వాదన లేచింది. మూడోదాన్ని రెండుగా లెక్కపెట్టినవాళ్ళు ఒక జట్టు, ఒకటిగా లెక్కపెట్టినవాళ్ళు ఒక జట్టు. ముఖ్య అతిథి పెద్ద సారు కూడా వెనక్కి తిరిగి తన లెక్క చెప్పాడు. ఇళ్ళల్లో గ్యాసు వాసన వస్తే అగ్గిపుల్ల గీసి చూసే మనుషులు వీళ్ళే. ఆ సాయంత్రం ఒక దీపావళి పిస్తోలు ముందు అందరూ బాయి రూలు పుస్తకమైపోయారు. సహించలేక ఇంజనీరు సారు, పోనీ కత్తితో పొడిచేస్తానండీ, ఒప్పుకోండి అని బతిమాలాడు. మైకులో అందరికీ వినబడింది. కాక జవాబు కూడా వినబడింది.

"కత్తితోని పోయినేడే సచ్చిన సారు. మా ఊరోల్లు గుండు సూడనీకొచ్చిండ్రు."

ఇంతలో మా బావ చెమటలు కక్కుతూ తెర వెనక్కి నా దగ్గరికి వచ్చాడు. ఆయన దగ్గర ఒక ఉపాయం ఉంది. ఉపాయం లేని రోజు ఆయనకు ఎప్పుడూ రాలేదు, అదే మా కుటుంబం దురదృష్టం. మిగిలిన బిళ్ళలన్నీ ఒక ఇటుక మీద కుప్ప పోసి నేను సుత్తి పట్టుకుని కూర్చోవాలి. ఆయన అటుపక్క నిలబడి చూస్తుంటాడు. ఆగడం అయిపోయాక ఇన్‌స్పెక్టరు మళ్ళీ పిస్తోలు తీసుకుని గురిపెడతాడు. ఆ క్షణంలో మా బావ భుజం మీది తువ్వాలను కింద పడేస్తాడు. తువ్వాల పడగానే నేను కొట్టాలి. అక్కడ కూర్చుంటే స్టేజీ నాకు కనబడదు, మా బావ మాత్రమే కనబడతాడు. తువ్వాల పడితే కొట్టుడే, ఇంకేం ఆలోచన చెయ్యకు అని నాకు గట్టిగా చెప్పి వెళ్ళాడు. నేను సుత్తి ఎత్తి పట్టుకుని ఆ తువ్వాల మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి లాగుతోంది. కాక ఊరివాళ్ళు ట్రాక్టర్లలో అంత దూరం వచ్చారన్నదే మనసులో మెదులుతోంది.

తర్వాత జరిగింది నేను వీడియోలోనే చూశాను. ఆగవలసినంతసేపు ఆగాక, పిస్తోలును ఇన్‌స్పెక్టరుకు అప్పగించాల్సిన కాక, అప్పగించలేదు. మిస్‌ఫైర్ అయినదాన్ని పరీక్ష చెయ్యాల్సింది షాట్ ఫైరరే కదా. తానే బల్ల దగ్గరికి వెళ్ళి, పిస్తోలు చేతిలోకి తీసుకుని, గొట్టం వంచి చూశాడు. మళ్ళీ మూసి, చక్రం తిరుగుతోందా లేదా అని అటూ ఇటూ తిప్పాడు. ఏమైందండీ అంటూ ఇంజనీరు సారు సరిగ్గా దాని ఎదుటికి వచ్చి వంగాడు. అది చూసి అటుపక్కనున్న మా బావ అయ్యో అని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. భుజం మీది తువ్వాల జారి కింద పడింది.

నేను కొట్టాను.

బిళ్ళలన్నీ ఒక్కసారే లేచిపోయాయి. అంత చప్పుడు ఆ నాటకానికి ఏనాడూ అవసరం లేదు. ఇంజనీరు సారు నిలువునా వెనక్కి విరుచుకుపడ్డాడు, టోపీ దొర్లి పెద్ద సారు కాళ్ళ దగ్గరకు వెళ్ళింది, నల్లకళ్ళద్దాలు ఇంకోవైపు పోయాయి. పొగలో విలన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు, చేతిలో పిస్తోలుతో. తర్వాత వెనక వరసలోంచి ఎవరో, షాట్లు అయిపోయాక బాయిలో అరిచినట్టే, ఆల్ క్లియర్ అని సాగదీసి అరిచారు. మైదానం మైదానమంతా లేచి ఈలలు వేసింది. అన్ని నాటకాలు ఆడిన ఆ క్లబ్బులో విలన్ గెలవడం అదే మొదలు. మా బావ పరుగెత్తుకెళ్ళి తెర దించేశాడు. ఇంజనీరు సారు తాను బతికే ఉన్నట్టు మమ్మల్ని నాలుగుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

కాక మాత్రం ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. మీసం వణుకుతోంది. బయట జనం ఆయన పేరు పెట్టి అరుస్తున్నారు, అదేదీ చెవిన పడలేదు. నన్ను దగ్గరకు పిలిచి, పిస్తోలు నా చేతిలో పెట్టి, "సైజు గానిది పెట్టినవ్‌రా కొడుకా. నా సావు ఖరాబైంది" అన్నాడు. ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. పెద్దపల్లి ఎవరు వెళ్ళారు, రింగులు ఎవరు తెచ్చారు అని చెప్పుకోవడానికి బోలెడు ఉంది. మా బావ వంక చూశాను. ఆయన తువ్వాల దులుపుకుంటున్నాడు. పిస్తోలు జేబులో పెట్టుకున్నాను. ఆ మనిషి అడిగింది ఒక్క మంచి చావు, మేమంతా కలిసి అది కూడా ఇవ్వలేకపోయాం.

అప్పుడు చిన్నమ్మ స్టేజీ వెనక మెట్లెక్కి వచ్చింది. చీర కొంగుతో కాక మొహం మీది రంగు తుడవడం మొదలుపెట్టింది, స్కూలు పిల్లాడికి తుడిచినట్టు. కాక ఇంకా చావు ఖరాబైందనే గొణుగుతున్నాడు. ఆమె తుడుస్తూనే అంది.

"ఇన్నేండ్లు బాయికి పోతే, ఇంటికి వస్తడో రాడో అని సూసిన. పండుగనాడు గూడ నువ్వు సచ్చుడే సూడాల్నాయె. ఒక్కయేడు గూడ నేను ఇటు మొఖాన సూడలే. ఇయ్యాల సూసిన. అందరు పోయినంక నువ్వొక్కనివే నిలబడ్డవ్."

కాక గొణుగుడు ఆపాడు. మొహం తుడిపించుకున్నాడు. ఆమెకు మెడనొప్పి లేదని నాకు అప్పుడు తెలిసింది. కిందికి దిగుతూ ఆమె నా దగ్గర ఆగి, ఆయనకు వినబడకుండా, ఆ సరైన బిళ్ళలు ఎప్పుడన్నా దొరికితే కొనకు బిడ్డా అంది.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఇంజనీరు సారు బదిలీ మీద కొత్తగూడెం వెళ్ళిపోయాడు. మా బావ రిటైరై, ఇప్పుడు మనవళ్ళ స్కూలు నాటకాలను పాడుచేస్తున్నాడు. నేను స్టోరుకు పెద్దనయ్యాను, బోల్టు సైజు అడిగితే ఇప్పుడు కూడా తిట్లు తింటున్నాను. విలన్ కాక మీసం పూర్తిగా తెల్లబడింది. సాయంత్రాలు చౌరస్తాలో టీ హోటలు ముందు బల్ల మీద కూర్చుంటాడు, ఆ పక్కనే కూరగాయలు బేరమాడుతూ చిన్నమ్మ కనిపిస్తుంది. నన్ను చూడగానే ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే. ఆ పిస్తోలు నా బీరువాలోనే భద్రంగా ఉంది. పోయిన దీపావళికి బొమ్మల దుకాణంలో ఎనిమిది బిళ్ళల రింగులు పెట్టెలకు పెట్టెలు దిగాయి. ఒకటి ఇంటికి తెచ్చి, తలుపు వేసుకుని, చక్రం మీద పెట్టి చూశాను. ఎక్కడా నొక్కాల్సిన పనిలేకుండా కూర్చుంది. ఈ చేతులతో ఇన్నేళ్ళు ఎన్ని సామాన్లు ఇచ్చానో, అంత చక్కగా పట్టింది ఇంకొకటి లేదు. మళ్ళీ తీసి కాగితంలో చుట్టి పైఅర వెనక పెట్టేశాను.

ఆ సాయంత్రమే కాక అడిగాడు, ఆ సైజు వచ్చిందారా అని. కూరగాయల బండి దగ్గర చిన్నమ్మ చెయ్యి ఆగింది. చేతికి అందే సామాను పెట్టుకుని స్టాకు లేదని చెప్పడం నా సర్వీసు మొత్తం మీద అదొక్కటే.

"రాలేదు కాకా," అన్నాను.

"ఏం స్టోరోనివిరా నువ్వు," అని విసుక్కుని, నాకొక టీ చెప్పాడు.